సర్వేపల్లివారి తిరుత్తణి

డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో జన్మించిరని మన బాలబాలికలు పాఠశాలలో వల్లింతురు. ఆ వెంటనే ఉపాధ్యాయుడు "తిరుత్తణి యెక్కడ నున్నది?" అని ప్రశ్నించినచో సరియైన సమాధానము చెప్పుట పెద్దలకును సులభము కాదు. ఏ సంవత్సరమునాటి తిరుత్తణియని మనము తిరిగి ప్రశ్నింపవలసి వచ్చును. ఆయన పుట్టిననాడు ఆ ఊరు మద్రాసు రాజధానిలో ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులుగా నున్న 1911లో క్రొత్తగా నేర్పడిన చిత్తూరు జిల్లాలోనికి వచ్చినది. ఆయన భారత ఉపరాష్ట్రపతిగా నున్న 1953లో ఆంధ్రరాష్ట్రమున చేరినది. 1956లో ఆ రాష్ట్రముతోపాటు ఆంధ్రప్రదేశ మైనది. ఆయన ఇంకను ఉపరాష్ట్రపతిగా నుండగనే 1960లో మరల మద్రాసు రాష్ట్రమున కలిసినది. ఆయన రాష్ట్రపతి పదవినుండి విరమించిన రెండేండ్లకు, 1969లో, ఆ రాష్ట్రమునకే తమిళనాడని పేరు మారినది. ఆయన కీర్తిశేషులైన పిమ్మట 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడగా, నేడు మనము ఉత్తరముమీద వ్రాయవలసిన జిల్లాపేరు అది. ఊరు మాత్రము అంగుళమైనను కదలలేదు.

ఇన్ని చిరునామాలు మార్చిన ఆ ఊరిని కన్నులార చూచి, అచటి మాటను చెవులార విని రావలెనని మాకు చిరకాలముగా కోరిక. రేణిగుంట నుండి అరక్కోణము పోవు రైలులో పుత్తూరు, నగరి దాటినంతనే తిరుత్తణి వచ్చును. ఎడమప్రక్క కొండలు, కుడిప్రక్క చెరకు, వరి మళ్ళు. నడుమ స్టేషను పేరుబల్లలపై లిపి మారుట తప్ప, ఒక రాష్ట్రము ముగిసి మరియొకటి ప్రారంభమైనదని తెలుపు గుర్తేదియు మాకు కానరాలేదు. రైలుపెట్టెలో మా యెదుట కూర్చున్న కుటుంబము నగరివరకు తెలుగున మాటలాడి, నగరి దాటినపిదప తమిళమున మాటలాడసాగినది. మేము ఆశ్చర్యముతో వినుచుండుట గమనించి ఆ యింటి యజమాని నవ్వెను గాని, అందు వింత యేమున్నదో అతనికి బోధపడినట్లు లేదు.

ఈ రైలుమార్గము పాతది. మద్రాసు, బొంబాయి నగరములను కలుపు దారి 1871 నాటికే రాయచూరు కడ కలిసి పూర్తియైనది. కనుక రాధాకృష్ణన్ గారి బాల్యమున తిరుత్తణి మారుమూల పల్లె కాదు. చిన్న ఊరేయైనను, రైలు నిలుచు ఊరు; యాత్రికులు దిగు ఊరు. ఒక పేద ఉద్యోగి కుమారుడు చదువుకొరకు తిరుపతికిని, వేలూరుకును, మద్రాసుకును పోగలుగుటలో ఈ ఇనుపదారికి కొంత భాగము కలదని మా యభిప్రాయము. మహాపురుషుల చరిత్రలు వ్రాయువారు గురువులను, గ్రంథములను స్మరింతురు గాని రైలుబండిని స్మరింపరు.

తిరుత్తణి యనగనే దక్షిణదేశమువారికి స్ఫురించునది రాష్ట్రపతి కాదు, కుమారస్వామి. తమిళులు మురుగనికి ప్రధానములని యెంచు ఆరు నెలవులలో ఇది యొకటి. సూరపద్మాది అసురులతో పోరిన పిదప స్వామి కోపము ఇచ్చట చల్లారినదనియు, అందువలననే 'తణిగై' యను పేరు వచ్చినదనియు స్థలపురాణము. తమిళమున 'తణి' యనగా చల్లారుట, ఉపశమించుట. మన 'తనియుట', 'తనివి' ఆ ధాతువునకు దగ్గరి చుట్టములే. తమిళునకు కోపము తీరిన చోటు, తెలుగువానికి తనివి తీరిన చోటు అగుచున్నది.

కొండకు మెట్లు 365. సంవత్సరమున ఎన్ని దినములో అన్ని మెట్లు. డిసెంబరు 31వ తేదీ రాత్రి ఒక్కొక్క మెట్టుకడ కర్పూరము వెలిగించి, పాట పాడుచు పైకెక్కు మెట్లపండుగ యిచట జరుగును. ఆంగ్లేయుల కాలమున నూతన సంవత్సరమునాడు ఉద్యోగులు దొరల యిండ్లకు పోయి దండములు పెట్టుట ఆచారముగా నుండగా, ఆ దండమేదో స్వామికే పెట్టుడని వళ్ళిమలై సచ్చిదానందస్వామి యీ పండుగను నెలకొల్పెనని చెప్పుదురు. ఆడికృత్తికకు వచ్చు పూలకావళ్ళలో చిత్తూరు, నెల్లూరు సీమలనుండి వచ్చునవి నేటికిని మెండు. సరిహద్దు గీచినవారు కావళ్ళకు అడ్డుగీత గీయలేదు.

సంగీతాభిమానులైన శ్రోతలకు ఈ కొండతో మరియొక సంబంధము కలదు. ముత్తుస్వామి దీక్షితులు యౌవనమున ఇచట ధ్యానమున నుండగా, ఒక వృద్ధుడు వచ్చి నోరు తెరువుమని కలకండ వేసి అదృశ్యుడయ్యెననియు, వెంటనే మాయామాళవగౌళరాగమున 'శ్రీనాథాది గురుగుహో' యను ప్రథమ కృతి ఆయన నోట వెలువడెననియు ఐతిహ్యము. గురుగుహ ముద్రకు జన్మస్థానము తిరుత్తణియే యన్నమాట. ఇది యిట్లుండగా, అప్పటికి ఈ ఊరు కార్వేటినగర సంస్థానములోనిది. వేణుగోపాలస్వామిపై తెలుగుపదములు వ్రాసిన సారంగపాణి ఆ కార్వేటినగరమువాడే. సంస్కృతకృతి పుట్టిన కొండ, తమిళ తిరుప్పుగళ్ మ్రోగు గుడి, తెలుగు పదకర్తను పోషించిన సంస్థానము ఈ మూడును ఒక్కచోట నున్న సీమ యిది. ఇట్టి సీమలో పుట్టిన బాలుడు మతములన్నింటిలోను ఏకసూత్రమును వెదకినాడన్నచో ఆశ్చర్యపడవలసినది తక్కువ.

గొప్ప స్మారకభవనము చూడవలెనని వచ్చు యాత్రికుడు తిరుత్తణిలో కొంత నిరాశపడును. ఊరిలో ఆయన పేరు పెట్టుకొన్న పాఠశాల కలదు. సెప్టెంబరు 5 వచ్చినప్పుడు దండలు, ఉపన్యాసములు ఉండును. మిగిలిన దినములలో ఊరు కొండదే. అంగడివీధిలో పూలు, విభూతి, కలకండ, ఇత్తడి వేలాయుధములు అమ్ముదురు. రాష్ట్రపతి చిత్రపటము మేము వెదకిన మూడంగళ్ళలో నొకదానియందే కంటిమి. అదియును అమ్మకమునకు కాదు, అంగడివాడు తన తలపై తగిలించుకొన్నది. ఇందు మాకు కొరత కనిపింపలేదు. పదవులు పొందినవాని పేరుతో బ్రదుకు ఊరికన్న, తన పనితో తాను బ్రదుకు ఊరు మేలుకదా!

ఆయన తండ్రి సర్వేపల్లి వీరాస్వామిగారు రెవిన్యూ శాఖలో స్వల్పాదాయముగల చిన్న ఉద్యోగి. తల్లి సీతమ్మగారు. వారిది తెలుగు నియోగి కుటుంబము. తన తొలి యెనిమిదేండ్లు తిరుత్తణిలోను, ఆ తరువాత తిరుపతిలోను గడచినవనియు, రెండును యాత్రాస్థలములే యనియు, కంటికి కనిపింపని లోకమొకటి కలదను నమ్మకము ఆ దినములనుండియే తనలో కుదురుకొనెననియు ఆయన తరువాత ఒక వ్యాసమున తెలిపియున్నారు. 1896లో తిరుపతిలోని లూథరన్ మిషను పాఠశాలలో చేరిరి. 1900 మొదలు 1904 వరకు వేలూరు వూరీస్ కళాశాల; పిదప మద్రాసు క్రిస్టియన్ కళాశాల. చదివిన బడులు క్రైస్తవులవి, పెరిగిన వీధులు కోవెలలవి. బడిలో హిందూధర్మముపై విన్న ఆక్షేపణలే తన్ను వేదాంతము చదువుటకు పురికొల్పినవని ఆయన చెప్పిరి. 1908లో, ఇరువదేండ్లయినను నిండకయే, వేదాంత నీతిశాస్త్రముపై ఎం. ఏ. పరీక్షకు వ్యాసము సమర్పించిరి. దానిని మెచ్చినవాడు ఆ కళాశాలలోని క్రైస్తవాచార్యుడు ఏ. జి. హాగ్. ఆక్షేపణ కెంత ఋణపడిరో, ఈ మెప్పునకును అంతయే ఋణపడిరి.

అటుపిమ్మటి కథ శ్రోతలకు తెలిసినదే. రాజమహేంద్రవరమున కొలదికాలము, 1918 నుండి మైసూరు, 1921 నుండి కలకత్తా. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు. ఆక్స్‌ఫర్డు, కాశీ, మాస్కో. 1952లో ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి. ఒక్క ముచ్చట మాత్రము చెప్పి ముందునకు పోదుము. ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఈయనకు ముందును, తరువాతను ఉపాధ్యక్షులుగా నుండినవారు కట్టమంచి రామలింగారెడ్డిగారు. కట్టమంచి చిత్తూరును ఆనుకొనియున్న పల్లె. అది కూడ రెడ్డిగారు పుట్టిననాడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిదే. వాల్తేరు కొండపై తెలుగువారి విశ్వవిద్యాలయమును నిలబెట్టిన ఇరువురును తెలుగు, తమిళము కలిసిపారు ఆ దక్షిణపు అంచునుండి వచ్చినవారే యగుట మేము తరచు తలచుకొను విషయము.

ఇక సరిహద్దు సంగతి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు చిత్తూరు జిల్లా మొత్తము, తిరుత్తణితో సహా, అందులో చేరినది. ఆనాడు మనవారి దృష్టి యంతయు మద్రాసు నగరముపై నుండెను. 'మద్రాసు మనదే' యని మనము నినదించుచుండగా, మా. పొ. శివజ్ఞానము మొదలగు తమిళనాయకులు వేంగడమే తమిళదేశమున కుత్తరపు టెల్లయని ప్రాచీన గ్రంథములను చూపి తిరుపతినే కోరిరి. ఇరువైపుల ఆవేశములు ఆకాశమునంటినవి. తుదకు మద్రాసు మనకు రాలేదు, తిరుపతి వారికి పోలేదు. నడుమ చిక్కినవి తిరుత్తణివంటి చిన్న ఊళ్ళు. తిరుత్తణి ప్రాంతమున ఆందోళనలు, అరెస్టులు జరిగినవి. ఇరు ప్రభుత్వములు హెచ్. వి. పాటస్కర్ గారి మధ్యవర్తిత్వమున కంగీకరించినవి. ఆయన అవలంబించిన సూత్రము సరళమైనది: గ్రామము ప్రమాణముగా తీసికొని, అధికసంఖ్యాకుల భాషను, ప్రాంతముల ఒండొంటి సాన్నిధ్యమును చూచుట. తదనుసారముగ 1959లో పార్లమెంటు ఆంధ్రప్రదేశ్-మద్రాసు సరిహద్దుల మార్పు చట్టమును చేసెను. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకాలో అధికభాగమును, చిత్తూరు, పుత్తూరు తాలూకాలలోని కొన్ని గ్రామములును మద్రాసునకు పోయినవి. అటనుండి తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని గ్రామములు, సత్యవేడుతో సహా, మనకు వచ్చినవి.

ఆ నిర్ణయము అన్యాయమని మేము చెప్పజాలము. తిరుత్తణి పట్టణమున తమిళులే యెక్కువ. ఆ మాట కాదనుటకు వీలు లేదు. గ్రామమును ప్రమాణముగా గొనుట జిల్లాను ప్రమాణముగా గొనుటకన్న న్యాయమైనది. అయినను, గ్రామమునకును లోపల ఇండ్లున్నవి. ఇంటికిని లోపల ఇరువైపుల చుట్టములున్నారు. ఏ సూత్రమునకును అందనిది అది.

ఒక్క విషయము మాత్రము మమ్ము చాలసేపు ఆలోచింపజేసినది. ఉపరాష్ట్రపతి రాజ్యాంగరీత్యా రాజ్యసభకు అధ్యక్షుడు. తిరుత్తణిని ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు మార్చు చట్టము పార్లమెంటు ముందునకు వచ్చిన 1959లో ఆ పీఠముపై నున్నది తిరుత్తణిలో పుట్టిన మనుష్యుడే. తన జన్మస్థలముపై దేశము తీర్పు చెప్పుచుండగా, ఇటు అని గాని అటు అని గాని పలుకగూడని స్థానమది. తెలుగువారు ఆయనను తమవాడనిరి, తమిళులు తమవాడనిరి. ఆయన ఇరువురి సన్మానములను స్వీకరించిరి. ఆంగ్లమున నట్లు ధారాళముగ ఉపన్యసించువాని మాతృభాష తెలుగని ఢిల్లీలో నెందరికి తెలియునో!

మన రాష్ట్రపతులలో తెలుగువారని మనము చెప్పుకొను మువ్వురలో ఇరువురి జన్మస్థలములు నేడు తెలుగు రాష్ట్రములలో లేవు. వి. వి. గిరిగారు పుట్టిన బరంపురము 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సాలో చేరినది. నీలం సంజీవరెడ్డిగారి ఇల్లూరు మాత్రము అనంతపురము జిల్లాలో నుండినది కనుక వివాదము లేకపోయినది. చిత్తూరు జిల్లా పుట్టినది 1911 ఏప్రిల్ 1న. బరంపురము పోయినదియు, తిరుత్తణి పోయినదియు ఏప్రిల్ 1నే. ప్రభుత్వములు లెక్కలపుస్తకము మార్చు దినముననే ఊళ్ళను కూడ మార్చుట వాడుక కాబోలు.

మెట్ల మొదట పూలమ్ముచున్న యొక అవ్వ మా మాట విని తానే పలుకరించెను. ఆమె వయస్సు ఎనుబది దాటియుండును.

"ఏ ఊరు సామీ మీది? తెలుగోళ్ళ మాదిరి ఉండారే!"

"విజయవాడ అవ్వా. రాధాకృష్ణన్ గారి ఊరు చూతామని వచ్చినాము."

"ఆయన మా ఊరోడే గదా! ఆ దావన పొండి. నాది నగరి సామీ. ఈ ఊరికి ఇచ్చినారు. అప్పుడు రెండూ ఒకే జిల్లా. పెండ్లయి యాడాది తిరక్కముందే ఈ ఊరిని అరవనాడులో కలిపేసినారంట. నేను యాడికీ పోలేదు, మా అమ్మోళ్ళ ఊరు వేరే రాష్ట్రం అయిపాయ."

"ఇంట్లో తెలుగేనా మాట్లాడుకొనేది?"

"ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం. నా మనవడు తెలుగు బాగనే మాట్లాడతాడు. రాసేదానికి రాదు. బోర్డు చూస్తే నన్ను అడగతాడు, నాకా చదువే రాదు."

మూరకు ధర చెప్పి, మేము బేరమాడకపోగా తానే ఒక జానెడు కొసరు వేసినది. ఆ మనుమని మాట మమ్ము కలతపెట్టినది. 2006లో తమిళనాడు ప్రభుత్వము పాఠశాలలలో తమిళమును నిర్బంధము చేసినప్పటినుండి సరిహద్దు మండలములలోని తెలుగు పిల్లలు, వారి తల్లిదండ్రులు పడుచున్న ఆందోళన అప్పుడప్పుడు పత్రికలలో చూచుచున్నాము. తమిళము నేర్వవలదని వారనుట లేదు. తెలుగు కూడ వ్రాయ నేర్పుడని కోరుచున్నారు. ఇటు సత్యవేడు, నగరి, చిత్తూరు ప్రాంతములలో తమిళము మాటలాడు ఇండ్లున్నవి. అచట మనము వారి పిల్లలకెంత తమిళము నేర్పుచున్నామో కూడ చూచుకొని మాటలాడవలెను. మాటలాడు భాషయు చదువు భాషయు విడిపోయిన యింట, రెండు తరములలో మొదటిది సన్నగిల్లును. మూడవ తరము 'మా అవ్వ తెలుగుది' యని చెప్పుకొనుటతో సరిపుచ్చును.

అయితే సర్వేపల్లివారి యింట ఇట్లు జరుగలేదు. వారి పూర్వులు నెల్లూరు సీమలోని సర్వేపల్లి విడిచి దక్షిణమునకు వలసవచ్చిన కుటుంబము. ఆ సర్వేపల్లి నేటికిని నెల్లూరునకు సమీపమున కలదు. అచటి జలాశయమును, శాసనసభా నియోజకవర్గమును ఆ పేరుతోనే పిలుతురు. తరములు గడచినవి, చుట్టునున్న వాడుక తమిళమైనది, రాధాకృష్ణన్ అను 'న్'కారాంతపు పేరు కూడ ఆ గాలిసోకినదే. కాని యింటిపేరు వారు విడువలేదు. తమిళదేశమున ఇంటిపేరు లేదు. పేరునకు ముందు తండ్రిపేరులోని తొలి యక్షరము వ్రాయుట వారి యాచారము. ఆ లెక్కన వీరాస్వామిగారి కుమారుడు 'వి. రాధాకృష్ణన్' కావలెను. ప్రపంచము ఎరిగినది 'ఎస్. రాధాకృష్ణన్'ను. ఆ యొక్క పొడి యక్షరము ఒక తెలుగుపల్లె పేరు. జిల్లా మార్చి, రాష్ట్రము మార్చి, చట్టములు చేసినవారెవ్వరును దానిని మార్చలేకపోయిరి. ఆయన కుమారుడు, చరిత్రకారుడు గోపాల్ గారు కూడ మదరాసు, ఢిల్లీలలో బ్రదికి, 2002లో గతించువరకు, ఎస్. గోపాల్ గానే గ్రంథములు ప్రకటించిరి.

రాధాకృష్ణన్ గారు 1967లో పదవి విడిచి మద్రాసు మైలాపూరులోని తమ 'గిరిజ' గృహమునకు చేరి, 1975 ఏప్రిల్ 17వ తేదీన మద్రాసుననే తనువు చాలించిరి. వారి యింటిముందటి రాజమార్గము పూర్వము ఎడ్వర్డ్ ఇలియట్ పేరుతో నుండెను. ఇప్పుడది డాక్టరు రాధాకృష్ణన్ శాలై. ఆ పేరుబల్లమీద సర్వేపల్లి లేదు. తిరుత్తణినుండి సాయంకాలపు బండికి మరలునప్పుడు స్టేషనుకడ ఒక పిల్లవాడు మా ధ్వనిముద్రణ యంత్రమును చూచి, అదేమియని మొదట తమిళమున నడిగెను. మేము తెల్లబోవుట చూచి వెంటనే తెలుగున నడిగెను. పేరేమని మేమడుగగా చెప్పినాడు. ఇంటిపేరు కూడ చెప్పుమంటిమి. కొంచెము ఆలోచించి, "మా నాయన్ని అడగాల" అనెను.